ఇంద్రకీలాద్రి ఒకప్పుడు బురద

బెజవాడకు ఆ పేరు ఎలా వచ్చిందని ఎవరినడిగినా దాదాపు ఒకటే కథ చెప్తారు. పడమటి నుంచి వస్తున్న కృష్ణమ్మకు కొండలు అడ్డం నిలిచాయి, సముద్రంలో కలవడానికి దారి లేదు, అర్జునుణ్ణి అడిగితే ఆయన కొండకు బెజ్జం పెట్టాడు, ఆ బెజ్జం ఉన్న ఊరు బెజ్జంవాడ, జనం నోళ్ళలో నలిగి నలిగి బెజవాడ. ప్రకాశం బ్యారేజీ మీద బండి ఆపి, పోలీసు విజిల్ వేసేలోపు అటూ ఇటూ చూస్తే ఈ కథ ఎందుకు పుట్టిందో ఇట్టే తెలిసిపోతుంది. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలో నిజంగానే ఒక సందు. ఎగువన అంత వెడల్పుగా పరుచుకున్న నది ఇక్కడికొచ్చేసరికి ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తుంది. 1855లో పాత ఆనకట్ట పూర్తిచేసినవాళ్ళూ, దాని బదులు 1957లో బ్యారేజీ కట్టినవాళ్ళూ ఈ చోటునే నమ్ముకున్నారంటే, ఆ బెజ్జం ఇంజనీర్ల కంటికీ కనబడింది కాబట్టే.

అంటే కథ చెప్పినవాడు కొండను, నదిని సరిగ్గానే చూశాడు. చూసి, అది ఎప్పుడూ ఇలాగే ఉండి ఉండదు, ఎప్పుడో ఇలా అయింది అనుకున్నాడు. ఆ రెండో మాటే అసలు సంగతి. నేల ముందునుంచీ ఉన్నది కాదు, తయారైనది అన్న ఊహ లేకపోతే సృష్టి కథ ఉండదు, భూగర్భ శాస్త్రమూ ఉండదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇక్కణ్ణుంచే తగాదా. ఒక పక్షం వాళ్ళు ఇవన్నీ కాకమ్మ కథలు అని కొట్టిపారేస్తారు. ఇంకో పక్షం మరీ ఉత్సాహం. ఖండాలు కదులుతాయని మనవాళ్ళకు వేల ఏళ్ళ కిందటే తెలుసు, కావాలంటే చూడండి అని రోజూ ఫోన్లకు ఏదో ఒకటి పంపుతారు. పూర్వం పర్వతాలకు రెక్కలుండేవి, ఎక్కడ పడితే అక్కడ ఎగిరి వాలేవి, ఇంద్రుడు వజ్రాయుధంతో ఆ రెక్కలు నరికాడు, మైనాకుడు ఒక్కడే తప్పించుకుని సముద్రంలో దాక్కున్నాడు అనే కథ వాళ్ళకు బాగా పనికొస్తుంది. కొండలు కదిలేవి అన్నారుగా, అదే ఖండ చలనం అంటారు. అందమైన కథే, అనుమానం లేదు. కానీ అందులో కొండలు కదలడం ఆగిపోయింది, శాస్త్రంలో ఆగలేదు. మనమున్న పలక, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి పైపెంకు ముక్క, ఇప్పటికీ ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూనే ఉంది, మన గోళ్ళు పెరిగే వేగం కన్నా కాస్త ఎక్కువ. కథకు లేనిపోని సైన్సు తొడిగితే రెండూ చెడతాయి.

దీనికి మంగళగిరి కన్నా మంచి ఉదాహరణ దొరకదు. పానకాల స్వామి నోట్లో బెల్లం పానకం పోస్తే గుటక వేసిన చప్పుడు, సగం తాగి మిగతా సగం భక్తుడికి వదిలేయడం, అంత పానకం ఒలికినా చీమ కనబడదనే నమ్మకం, ఇదీ ఆ కొండ మీద కథ. దీని పక్కనే ఇంకో కథ తిరుగుతూ ఉంటుంది: ఆ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమని, లోపలి గంధకాన్ని చల్లార్చడానికే పెద్దలు పానకం పోయించారని. చదువుకున్నవాళ్ళు ఇదే ఎక్కువ నమ్ముతారు, ఎందుకంటే ఇందులో గంధకం అనే మాట ఉంది. మంగళగిరిది అగ్నిపర్వతపు రాయి కాదు. అది తూర్పు కనుమల రాయి, లోతున ఉడికి గట్టిపడి పైకొచ్చినది. లావా చూడాలనుకుంటే రాజమండ్రి దాకా వెళ్ళాలి, అక్కడి కాటేరు దగ్గర దక్కన్ లావా ఆనవాళ్ళున్నాయి, వాటి వయసు 6.6 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ. పైగా బెల్లం నీళ్ళతో అగ్నిపర్వతాన్ని ఆర్పడం ఏ రసాయన శాస్త్రమో అర్థం కాదు. స్వామి సగం తాగి సగం మనకు పెడతాడన్న పాత కథలో ఉన్న ఇంగితం, ఆ కొత్త సైన్సు కథలో వెతికినా కనిపించదు.

ఇంతకీ ఒక జాతి జ్ఞాపకం ఎంత వెనక్కి వెళ్ళగలదు? ఇది తేలితే సగం తగాదా తీరుతుంది.

ముందు లెక్కలు. మనలాంటి మనుషులు భూమ్మీదకొచ్చి సుమారు 3 లక్షల ఏళ్ళు. మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడిపోవడం మొదలై సుమారు 13 కోట్ల ఏళ్ళు. మనిషి వయసంతా ఒక రోజనుకుంటే ఆ విడిపోవడం నాలుగు వందల రోజులకు పైగా వెనక జరిగింది. చూసినవాడు లేడు, చెప్పినవాడు లేడు. కాబట్టి ఏ ఆదివాసీ కథలోనూ, ఏ పురాణంలోనూ ఖండాలు చీలిన జ్ఞాపకం ఉండడానికి వీల్లేదు. దీని మీద ఇక చర్చ అనవసరం.

కానీ పదివేల ఏళ్ళ లోపు జరిగినవాటి సంగతి వేరు. ఇక్కడ కథల్ని తేలిగ్గా తీసుకున్నవాళ్ళే తలదించుకోవాల్సి వచ్చింది. అమెరికాలోని ఒరెగాన్‌లో క్రేటర్ లేక్ అని లోతైన నీలం సరస్సు ఉంది. అక్కడి క్లామత్ జాతివాళ్ళు పాతాళ నాయకుడు లావో, పైలోకపు నాయకుడు స్కెల్ కొట్టుకున్నారని, నిప్పులు కురిశాయని, చివరికి కొండ లావో మీదే కూలిపడి అక్కడ గుంట ఏర్పడితే అది నీళ్ళతో నిండిందని చెప్పుకుంటారు. భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పేదీ దాదాపు అదే: మజామా అనే పర్వతం సుమారు 7,700 ఏళ్ళ కిందట పేలి, లోపల డొల్లయి, తన మీద తానే కూలిపోయింది. అప్పుడు అక్కడ మనుషులున్నారా అంటే ఉన్నారు. 1938లో ఆ చుట్టుపక్కల ఒక గుహ తవ్వితే ఆ పేలుడు బూడిద పొర కింద చెట్టు బెరడుతో అల్లిన చెప్పులు దొరికాయి, ఒకటీ రెండూ కాదు, డజన్ల కొద్దీ. బూడిద పైన కథ, బూడిద కింద చెప్పులు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆస్ట్రేలియాలో ఇది ఇంకా దూరం వెళ్తుంది. తీరం పొడవునా ఆదివాసీలు చెప్పే కథల్లో, ఇప్పుడు సముద్రమున్న చోట తాతలు వేటాడేవారని, ఫలానా దీవికి నడిచి వెళ్ళేవారని వస్తుంది. పాట్రిక్ నన్, నికొలస్ రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు అలాంటి 21 చోట్ల కథలు తీసుకుని సముద్ర మట్టం లెక్కలతో సరిపోల్చి చూస్తే, అవి 7,000 ఏళ్ళకు పైబడిన జ్ఞాపకాలని తేలింది. మంచుయుగం అయిపోయి సముద్రం పైకొచ్చిన కాలం అది. రాత లేదు, శాసనం లేదు, తండ్రి కొడుక్కి చెప్పడం, చెప్పింది సరిగ్గా ఉందా అని పక్కనున్న బావమరిది దిద్దడం, అంతే. అదే దేశంలో బుడ్జ్ బిమ్ అనే అగ్నిపర్వతం ఉంది, గుండిట్జ్‌మారా జాతివాళ్ళు అది ఒక రాక్షస పూర్వీకుడి తల అని, చిమ్మిన లావా రాళ్ళు అతని పళ్ళు అని చెప్తారు. ఆ కొండ సుమారు 37,000 ఏళ్ళ కిందట పేలినట్టు 2020లో తేల్చారు. కథ కూడా అంత పాతదే కావచ్చు అన్నది ఊహ మాత్రమే, రుజువు కాదు. ఇలాంటిచోట కాస్త నెమ్మదించాలి.

ఇంకో రకం కథలున్నాయి, అవి జరిగింది చెప్పడానికి కాదు, మళ్ళీ జరిగితే ఏం చేయాలో చెప్పడానికి. 2004 డిసెంబరు సునామీలో థాయ్‌లాండ్ దగ్గరి మోకెన్ సముద్ర సంచారులు నీళ్ళు వెనక్కి పోవడం చూసి, మనుషుల్ని తినే అల వస్తోందని పిల్లాజెల్లాతో గుట్టలెక్కి బతికారు. అండమాన్‌లో ఓంగీలు కూడా అలాగే. మనవైపు దుర్గమ్మ ముక్కుపుడక కథ ఉంది కదా, కృష్ణ నీళ్ళు అమ్మవారి ముక్కుపుడకను తాకితే కలియుగం ముగుస్తుందని. 2009 అక్టోబరు వరదలో ఒకసారి, 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఇంకోసారి ఆ కథ ఊరంతా తిరిగింది, సగం భయంగా, సగం జోకుగా. నిజానికి ఆ రెండోసారి సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. దానికి ముక్కుపుడక కథ ఎవరూ కట్టలేదు, అందుకేనేమో దాని దారిలో ఇళ్ళు కట్టుకోవడానికి ఎవరూ జంకలేదు.

కాబట్టి మునిగిన తీరం, పేలిన కొండ, ఇవి జ్ఞాపకాలు కావచ్చు. మొత్తం భూమే ఎలా పుట్టిందన్న కథలు మాత్రం జ్ఞాపకాలు కావు. ఈ తేడా పట్టించుకోకపోతే ఎంత సులభంగా పప్పులో కాలేస్తామో న్యూజిలాండ్ మావోరీల కథ చూపిస్తుంది. మావుయి అనే వీరుడు గాలం వేసి సముద్రంలోంచి ఒక పెద్ద చేపను లాగితే అదే ఉత్తర దీవి అయిందట, ఆ దీవిని వాళ్ళు ఇప్పటికీ మావుయి చేప అనే పిలుస్తారు. ఇటు 2017లో శాస్త్రవేత్తలు అక్కడ జీలాండియా అనే ఖండమే ఉందని, అందులో 94 శాతం నీళ్ళ కిందే ఉందని ప్రకటించారు. అంటే న్యూజిలాండ్ నిజంగానే నీళ్ళలోంచి తేలిన చేప వీపు. ఒళ్ళు జలదరిస్తుంది కదా? కానీ మావోరీలు ఆ దీవులకు చేరి ఏడెనిమిది వందల ఏళ్ళే. ఖండం మునిగింది కోట్ల ఏళ్ళ కిందట. ఇది జ్ఞాపకం కాదు, కాకతాళీయం. కాకి వాలడం, తాటిపండు రాలడం.

కాకి అన్నాం కాబట్టి అసలు కాకి కథలోకి వెళ్దాం. గోండులు చెప్పే సృష్టి కథల్లో ఇదొకటి. మొదట అంతా నీళ్ళే. వాళ్ళ పెద్ద దేవుడు బడాదేవ్‌కు భూమి చేయాలని బుద్ధి పుట్టింది, మట్టి లేదు. ఒంటి మీది మురికిని నలిచి ఒక కాకిని చేశాడు (మనకు నలుగుపిండి వినాయకుడు గుర్తొస్తాడు). మట్టి వెతుక్కురా అని పంపితే కాకి ఎగిరి ఎగిరి రెక్కలు పడిపోయి, నీళ్ళలో మోడులా కనిపించినదాని మీద వాలింది. అది మోడు కాదు, పెద్ద ఎండ్రకాయ డెక్క. సంగతి విన్న ఎండ్రకాయ కాకిని నీటి అడుక్కి తీసుకుపోయింది. అక్కడున్న మట్టినంతా వానపాము మింగేసి కూర్చుంది. ఎండ్రకాయ దాని మెడ నొక్కితే కక్కింది. కాకి ఆ ముద్దను తెచ్చి ఇచ్చింది. సాలెపురుగు నీళ్ళ మీద గూడు అల్లితే దాని మీద ఆ మట్టిని పరిచారు. అదే భూమి. ఊరికొక మార్పుతో ఈ కథ చెప్తారు, కానీ కాకీ వానపామూ తరచుగా కనబడతాయి.

సంతాల్ ఆదివాసీల కథలో కూడా వానపామే. తాబేలు వీపు మీద అది మట్టి వేస్తూ పోతే భూమి అయింది, అంతకుముందు నీళ్ళ మీద హంసల జంట ఒకటి దిక్కుతోచక తిరుగుతూ ఉంది. ఉత్తర అమెరికాలో హోడెనొషోనీ జాతివాళ్ళ కథలో ఆకాశం నుంచి పడిన స్త్రీ కోసం ఒక నీటి ఎలుక అడుక్కి మునిగి పిడికెడు బురద తెస్తే, దాన్ని తాబేలు వీపు మీద వేస్తారు. మన వరాహస్వామి కూడా నీళ్ళలోకి దిగే భూమిని తెచ్చాడు. అడుక్కి మునిగి మట్టి తెచ్చే ఈ కథ ఆసియాలోనూ, ఉత్తర అమెరికాలోనూ ఇంత విస్తారంగా ఎందుకుందని పండితులు చాలా కాలంగా పరిశోధిస్తున్నారు. వలసల వెంట వెళ్ళిందని చాలామంది అంటారు, అది నమ్మదగిన మాటే.

అయితే వానపామే ఎందుకు? ఏనుగు ఉంది, పులి ఉంది, పాము ఉంది, భూమిని చేయడానికి ఇంత అల్పప్రాణి ఎలా కుదిరింది? దీనికి జవాబు పుస్తకాల్లో కన్నా పొలం గట్టున సులభంగా దొరుకుతుంది. తొలకరి పడ్డ రెండోరోజు గట్టు మీద వంగి చూస్తే, జంతికల గొట్టంలోంచి పిండి వదిలినట్టు చిన్న చిన్న మట్టి చుట్టలు కనిపిస్తాయి. నిన్న అక్కడ లేవు. వేలితో నొక్కితే మెత్తగా, చుట్టూ ఉన్న మట్టి కన్నా సన్నగా, జల్లెడ పట్టినట్టు ఉంటాయి. వానపాము కింది మట్టిని తిని పైకి తెచ్చి పోసినది అది. కళ్ళముందు, రాత్రికి రాత్రి, నీళ్ళ తర్వాత కొత్త నేల. డార్విన్ అంతటివాడు చివరి రోజుల్లో వానపాములు నేలను ఎంత తిరగేస్తాయో ఏళ్ళ తరబడి కొలుస్తూ కూర్చున్నాడంటే ఆ పని అంత చిన్నదేం కాదు. సృష్టి కథ కట్టినవాడు కోట్ల ఏళ్ళ నాటిది గుర్తు తెచ్చుకోలేదు. ప్రతి వానాకాలం తన కాళ్ళ దగ్గర జరిగేదాన్ని చూసి, మొదటి రోజు కూడా ఇలాగే జరిగి ఉంటుంది అనుకున్నాడు.

విచిత్రమేమిటంటే, భూగర్భ శాస్త్రం పుట్టింది కూడా సరిగ్గా ఈ ఆలోచనతోనే. 18వ శతాబ్దంలో స్కాట్లాండ్‌లో జేమ్స్ హట్టన్ అనే ఆయన వ్యవసాయం చేస్తూ, వాన పడ్డప్పుడల్లా తన పొలంలో మట్టి కొట్టుకుపోయి కాలవలో, అక్కణ్ణుంచి సముద్రంలో కలవడం చూశాడు. ఇలాగే పోతే ఎప్పటికో అంతా సముద్రం పాలవ్వాలి కదా, అవలేదంటే ఎక్కడో కొత్త నేల తయారవుతూ ఉండాలి అనుకున్నాడు. సముద్రం అడుగున పడ్డ బురద వేడికి గట్టిపడి మళ్ళీ పైకి లేస్తుందని 1788లో అచ్చువేశాడు. ఇప్పుడు జరుగుతున్నదే అప్పుడూ జరిగింది అన్నది తర్వాత ఆ శాస్త్రానికే మూలసూత్రం అయింది. గోండు కథకుడూ హట్టనూ ఇద్దరూ బురద దగ్గరే మొదలుపెట్టారు. ఆ తర్వాత దారులు వేరయ్యాయి: ఒకరు కొలవడానికి వెళ్ళారు, ఒకరు పాడడానికి వెళ్ళారు. పోలిక పద్ధతిలో ఉంది, ఫలితాల్లో కాదు. ఫార్వర్డులు పంపేవాళ్ళు ఫలితాల్లో పోలిక వెతుకుతారు, అక్కడే అభాసుపాలవుతారు.

సరే, ఇప్పుడు ఇంద్రకీలాద్రి దగ్గరికి వద్దాం. ఘాట్ రోడ్డు కోసం కొండను తొలిచినచోట రాయి దగ్గరగా చూస్తే అది ఒకటే రంగులో ఉండదు. బూడిద, తుప్పు, కాస్త గంధం రంగు చారలు చారలుగా. మధ్యలో కందిబేడలంత, కొన్నిచోట్ల శనగలంత ఎర్రటి చుక్కలు. అవి గార్నెట్లు, ఉంగరాల్లో పెట్టుకునే గోమేదికం కూడా ఆ జాతిదే. బయటి పొర గోకితే పొడి రాలుతుంది, లోపల మాత్రం సుత్తికి లొంగదు. పాత భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాయికి బెజవాడ నైస్ (నైస్ అంటే చారల రాయి) అని మన ఊరి పేరే పెట్టారు. తర్వాత 1902లో వాకర్ అనే ఆయన దీన్ని ఖోండలైట్ అన్నాడు, ఒడిశా కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద. ఆ పేరే నిలిచింది, మన ఊరికి ఆ యోగం లేదు.

ఖోండలైట్ ముందు రాయి కాదు. బంకమన్ను. ఎప్పుడో ఒక సముద్రం అడుగున పొరలు పొరలుగా పడ్డ బురద. అది భూమి లోపల పాతిక ముప్ఫై కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, బురదలోని అల్యూమినియం గార్నెట్‌గా, సిల్లిమనైట్ అనే ఖనిజపు సూదులుగా మారి, మళ్ళీ పైకొచ్చింది. ఒంగోలు నుంచి కొండపల్లి దాకా ఉన్న ఈ ముక్క ఉడికింది సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందట. గోదావరి దాటి ఉత్తరానికి వెళ్తే తూర్పు కనుమల వయసు మారిపోతుంది, అక్కడి రాళ్ళు సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట ఉడికాయి, వాటికి సరిగ్గా అతికే రాళ్ళు అంటార్కిటికా తూర్పు తీరంలో ఉన్నాయి. రెండూ ఒకప్పుడు ఒకే కొండల వరస. చించిన కాగితాన్ని పక్కపక్కన పెడితే రాత కలిసినట్టు కలుస్తాయి. ఆ చినిగిన అంచే మన కృష్ణా గోదావరి బేసిన్, కేజీ బేసిన్ గ్యాస్ అని పేపర్లలో వచ్చేది ఆ అంచు సందుల్లో పేరుకున్నదే.

అంటే దుర్గమ్మ కొలువున్న కొండ నీటి అడుగున ఉన్న బురద. గోండు కథలో భూమి నీటి అడుగున ఉన్న బురద. ఇది కూడా కాకతాళీయమే, మావుయి చేపలాంటిదే. చూసి ముచ్చటపడవచ్చు, సాక్ష్యంగా మాత్రం పనికిరాదు. ఇంకో మాట, అదే బంకమన్ను గుణం వల్ల ఈ రాయి ఎండకూ వానకూ కుళ్ళుతుంది. 2020 అక్టోబరులో దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద చరియ విరిగిపడింది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండ ఇళ్ళ మీదికి జారి ప్రాణాలు పోయాయి. 160 కోట్ల ఏళ్ళ తర్వాత రాయి మళ్ళీ బురద అవుతోంది, దాని కింద మనం ఇళ్ళు కట్టుకున్నాం.

ఇక పేర్ల సంగతి. మన దేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నీ కలిసి ఉన్న పాత మహాఖండానికి గోండ్వానా అని పేరు. గోండుల అడవి. మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో మధ్య భారతంలోని బొగ్గు పొరలకు ఆ మాట వాడాడు, వియన్నాలో ఉన్న ఎడ్వర్డ్ సూస్ 1885లో దానికి ల్యాండ్ తగిలించి మొత్తం ఖండానికే పెట్టాడు. ఆధారం గ్లాసోప్టెరిస్ అనే ఒక చెట్టు ఆకు శిలాజం. అదే ఆకు మన దగ్గరా, దక్షిణ ఆఫ్రికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చలికి చచ్చిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం డేరా దగ్గర 16 కిలోల రాళ్ళు దొరికాయి, ఆకలితో కాళ్ళీడుస్తూ కూడా వాళ్ళు పారేయలేదు. వాటిలో ఉన్నదీ ఆ ఆకే. అదే ఏడాది వెగెనర్ ఖండాలు కదులుతాయని మొదటిసారి చెప్పాడు, చాలామంది నవ్వారు. ఆ ఆకులు కుళ్ళి అయిన బొగ్గే సింగరేణిది, ఒడిశాలోని తాల్చేరుదీ. ఆ రెండు చోట్ల బొగ్గూ ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటుకు వస్తుంది. మే నెలలో బెజవాడలో ఫ్యాను తిరుగుతోందంటే గోండ్వానా అడవి కాలుతోందన్నమాట. ఆ బొగ్గు పొరల అడుగున తాల్చేరులో హిమానీనదాలు ఈడ్చిన బండరాళ్ళున్నాయి, మనం దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్న రోజులవి. బెజవాడ ఎండలో నిలబడి ఈ మాట నమ్మడం ముక్కుపుడక కథ నమ్మడం కన్నా కష్టం.

గోండుల పేరు ఖండానికి, ఖోండుల పేరు కొండరాతికి. రెండు జాతులూ పేర్లిచ్చాయి, వాళ్ళ కథలు మాత్రం చాలామంది అడగలేదు. అడిగి ఉంటే అవి వేరే విషయం చెప్తున్నాయని తెలిసేది. గోండుల లింగో కథలో, గుహలో బండ అడ్డం పెట్టి బంధించిన గోండు దేవుళ్ళను లింగో విడిపించి, గోండులను నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ వాళ్ళుగా విడదీసి, ఎవరు ఎవరిని పెళ్ళాడవచ్చో చెప్తాడు. మహారాష్ట్రలోని కచార్‌గఢ్ గుహే అది అని ఇప్పటికీ ఏటా వేలమంది వెళ్తారు. ఆదిలాబాద్ కేస్లాపూర్‌లో మెస్రం వంశంవాళ్ళు నాగోబా జాతరకు గోదావరి నీళ్ళు చెప్పుల్లేకుండా నడిచి తెస్తారు. అక్కడ సృష్టి కథ నేల ఎప్పుడు పుట్టిందో చెప్పే లెక్క కాదు. ఈ నేలకు నువ్వేమవుతావు, ఏం చేయకూడదు అని చెప్పే కాగితం. మనకు అడంగల్ ఎలాగో వాళ్ళకు కథ అలాగ.

ఆ కాగితం ఒకసారి కోర్టు దాకా వెళ్ళింది కూడా. ఒడిశాలో నియమగిరి మీద డోంగ్రియా ఖోండులుంటారు, ఆ కొండే తమ నియమరాజు అంటారు. ఖోండలైట్ వేల లక్షల ఏళ్ళు వానకు కడగబడితే పైన మిగిలే గట్టి పొర బాక్సైట్, దానికోసం గని తవ్వాలనుకున్నారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, తవ్వడం వాళ్ళ దేవుడి హక్కును దెబ్బతీస్తుందో లేదో గ్రామసభలే తేల్చాలి అంది. 12 ఊళ్ళలో సభలు పెడితే 12 ఊళ్ళూ వద్దన్నాయి. తమ పేరున్న రాతిని కాపాడుకోవడానికి ఖోండులు చూపించిన ఆధారం రాతి వయసు కాదు, రాజు కథ. మన విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాలకిచ్చిన జీవో 97 కూడా ఆదివాసీల గొడవ తర్వాతే 2019లో రద్దయింది.

చివరగా, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి. జనం పాపాలన్నీ మోసి నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ సంగమంలో మునిగి తెల్లని హంసగా లేచిందని స్థలపురాణం. మళ్ళీ కాకే, మళ్ళీ నీళ్ళే, మళ్ళీ బురద. ఎందుకంటే కొత్త నేల పుట్టడం కళ్ళారా చూడాలంటే గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇంతకన్నా మంచి చోటు లేదు. ఒకప్పటి రేవు ఘంటసాల ఇప్పుడు సముద్రానికి ఇరవై కిలోమీటర్ల పైన లోపలుంది, దివిసీమంతా నది తెచ్చి పోసిన ఒండ్రే, మహాబలేశ్వరం నుంచి లావా పొడి, పల్నాడు నుంచి సున్నపురాతి పొడి, బెజవాడ నుంచి గార్నెట్ ఇసక. అయితే ఆ ఒండ్రు రావడం బాగా తగ్గిపోయింది. ఒడ్డు ముందుకు జరగాల్సిన చోట్ల కొన్నిచోట్ల కోసుకుపోతోంది. మట్టి మింగి కూర్చున్న వానపాము ఇప్పుడు శ్రీశైలం, నాగార్జునసాగర్ గోడల వెనక ఉంది, దాని మెడ నొక్కే ఎండ్రకాయ లేదు.